కాలదోషము పట్టిన అప్పు

“చట్టము ఒప్పుకొనినది కదా, ఇంక తప్పేమున్నది?” అను మాట గ్రామములలో తగవులు తీర్చువారికి క్రొత్త కాదు. చట్టమునకును నీతికిని గల భేదము తెలియుటకు పెద్ద గ్రంథములు తిరుగవేయ నక్కర లేదు. ఒక ప్రోనోటు చాలును.

ఒక వితంతువు వడ్లు అమ్మిన సొమ్మును పొరుగువానికి అప్పిచ్చి, కోరినప్పుడు తీర్చునట్లు నోటు వ్రాయించుకొన్న దనుకొందము. మొగమాటముచే ఆమె గట్టిగా అడుగలేదు. నోటు తేదీనుండి మూడు సంవత్సరములు గడచినవి. 1963వ సంవత్సరపు కాలపరిమితి చట్టము ప్రకారము ఇక ఆమె దావా చెల్లదు. ఈ నియమమునకు కారణము లేకపోలేదు. సాక్షులు గతింతురు, కాగితములు చెదలు తినును, ఎవరును జన్మమంతయు దావా భయముతో బ్రదుకరాదు. అయితే చట్టము మూసినది న్యాయస్థానపు తలుపును మాత్రమే. అప్పు తీరినదని అది చెప్పలేదు. పుచ్చుకొన్న సొమ్ము తిరిగి ఈయవలెనను బాధ్యత ఆ పొరుగువాని మనస్సాక్షికి మిగిలియే యున్నది. ఇది నీతి.

ఆ నీతికి చట్టమే ఒక దారి విడిచినది. కాలదోషము పట్టిన బాకీని తీర్చెదనని బాకీదారు వ్రాసి సంతకము చేసినచో, 1872వ సంవత్సరపు కాంట్రాక్టు చట్టము 25వ సెక్షను ప్రకారము ఆ వాగ్దానము చెల్లును. నోటిమాట చాలదు.

నీతి చట్టముగా నుండి, పిదప మరల నీతిగానే మిగిలిన సందర్భమును కలదు. తండ్రి ఋణము తీర్చుట కుమారుని ధర్మమని పూర్వము న్యాయస్థానములును అంగీకరించెడివి. 2005లో హిందూ వారసత్వ చట్టమును సవరించిన తరువాత చేసిన అప్పులకు ఆ ఒక్క కారణముచే కుమారునిపై దావా నడువదు. (తండ్రి ఆస్తి సంక్రమించినచో, ఆ మేరకు బాధ్యత వేరు.)

ఇక మూడవది పదవీధర్మము. పై తగవులో బాకీదారు సర్పంచికి బావమరిది యైనచో, సర్పంచి మధ్యవర్తిగా కూర్చుండక తప్పుకొనవలెను. ఇది ఆ పదవిలో నున్నందున ఆయనకు కలిగిన కట్టుబాటు. కూర్చున్న సభ్యులకైనను బాకీదారును వెలివేయుటకు గాని, నీరు నిలుపుటకు గాని అధికారము లేదు. నచ్చజెప్పి వ్రాయించుటవరకే వారి పని.

సభ్యులు తమ వార్డులలో ముందుగనే తెలుపదగిన సంగతి యొకటి కలదు. మూడేండ్లు నిండకమునుపే బాకీదారు కొంత సొమ్ము చెల్లించి, నోటు వెనుక ఆ చెల్లు వ్రాసి సంతకము చేసినచో, ఆ చెల్లించిన తేదీనుండి గడువు మరల మూడేండ్లు నడచును.