కారు తనంతట తానే వేసే బ్రేకు

కొత్త కారు కొనేవాళ్లు ఇప్పుడు షోరూములో మైలేజీతో పాటు ‘అడాస్’, అంటే డ్రైవర్‌కు సాయపడే ఎలక్ట్రానిక్ వ్యవస్థ, ఉందా అని కూడా అడుగుతున్నారు. అందులోని సదుపాయాల్లో అన్నిటికంటే విలువైనది ఆటోమేటిక్ ఎమర్జెన్సీ బ్రేకింగ్. దేన్నో గుద్దబోతున్నామని కారే కనిపెట్టి ముందు హెచ్చరిస్తుంది. అప్పటికీ డ్రైవర్ కాలు బ్రేకు మీదికి రాకపోతే తానే వేసేస్తుంది. ఖమ్మం జిల్లా ఎర్రుపాలెం నుంచి మధిరకో, ఖమ్మానికో, విజయవాడకో కారు తీసేవాళ్లకు ఇది ఎంతవరకు అక్కరకొస్తుంది?

గంటకు 80 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు 22 మీటర్లు పోతుంది. ప్రమాదం కంటబడి, అర్థమై, కాలు కదిలేసరికి సెకనున్నర పట్టిందనుకుందాం. బ్రేకు పడకముందే 33 మీటర్లు దాటిపోతాం. ఆ తర్వాత పొడిరోడ్డు మీద ఆగడానికి మరో 35 మీటర్ల దాకా పట్టవచ్చు. యంత్రానికి నిద్రమత్తు లేదు, ఫోన్ వైపు చూపు పోదు. పూర్తిగా ఆపలేకపోయినా, 80లో తగలాల్సిన దెబ్బ 40లో తగిలితే దాని శక్తి నాలుగో వంతుకు పడిపోతుంది. ప్రాణం పోవడానికీ కాలు విరగడానికీ తేడా చాలాసార్లు అంతే. ముందున్న బండిని వెనకనుంచి గుద్దే ప్రమాదాలు ఈ బ్రేకు వల్ల సగానికి తగ్గాయని అమెరికాలో బీమా కంపెనీల డబ్బుతో నడిచే భద్రతా సంస్థ ఐఐహెచ్‌ఎస్ లెక్కగట్టింది. ఐరోపాలో 2024 జులై నుంచి కొత్త కార్లన్నిటికీ ఇది తప్పనిసరి.

ఎర్రుపాలెం కాజీపేట–విజయవాడ రైలు మార్గంలో ఉంది కాబట్టి రైళ్ల సంగతీ చూద్దాం. రైళ్లకూ ఇలాంటి రక్షణ ఒకటుంది, దాని పేరు కవచ్. దాన్ని పరీక్షించి చూసింది మన దక్షిణ మధ్య రైల్వేలోనే. 2022 మార్చి 4న గుల్లగూడ, చిట్టిగిడ్డ స్టేషన్ల మధ్య ఒకే పట్టా మీద రెండు ఇంజన్లను ఎదురెదురుగా ఉంచి పరీక్షిస్తే, రైల్వే మంత్రి ఎక్కిన ఇంజను రెండోదానికి 380 మీటర్ల ఇవతలే ఆగింది. కవచ్‌కు కళ్లు అక్కర్లేదు. పట్టాల మధ్య అమర్చిన ట్యాగులు, స్టేషన్ల నుంచి వచ్చే రేడియో సందేశాలు దారి సంగతంతా దానికి చెబుతూనే ఉంటాయి. రోడ్డు మీద కారుకు ఎవరూ ఏమీ చెప్పరు. ఎదురుగా ఉన్నదేమిటో అదే చూసి తేల్చుకోవాలి. చిక్కంతా అక్కడుంది.

చాలా కార్లు చూసేది అద్దం వెనక కెమెరాతో, ముందు బంపర్ దగ్గరి రాడార్‌తో. రాడార్ దూరాన్నీ వేగాన్నీ బాగా పసిగడుతుంది. కానీ కదలకుండా ఉన్న వస్తువు అడ్డమో, పక్కనున్న స్తంభమో తేల్చుకోవడం దానికి కష్టం. కెమెరా తనకు నేర్పిన ఆకారాలనే గుర్తుపడుతుంది. మన దగ్గర వరికోతలప్పుడు రోడ్డు మీద సగం మేర వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్లు పేర్చి, రాత్రికి నల్ల టార్పాలిన్ పట్టా కప్పేస్తారు. ఆ కుప్పను ఏ దేశపు కెమెరాకు నేర్పారు? వెనక లైటు లేని ట్రాక్టర్ ట్రక్కు, మిరప తోటలకు కూలీలను కిక్కిరిసి తీసుకెళ్లే ఆటో, ఉన్నట్టుండి రోడ్డెక్కే బర్రెలు కూడా అంతే. ఈ లోటు గమనించే ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ పరిశోధకులు హైదరాబాద్, బెంగళూరు రోడ్ల నుంచి 10,000 చిత్రాలు సేకరించి, ఆటోలకూ పశువులకూ విడివిడిగా పేర్లు పెట్టి ‘ఇండియా డ్రైవింగ్ డేటాసెట్’ తయారుచేశారు. అలాంటి పని పల్లె రోడ్ల మీద, రాత్రిపూట ఇంకా ఎంతో జరగాలి.

నన్ను అన్నిటికంటే కలవరపెట్టేది చీకటి. పాదచారులను గుద్దే ప్రమాదాలను ఈ బ్రేకు 27 శాతం తగ్గిస్తోందని చెప్పిన అదే ఐఐహెచ్‌ఎస్, వీధిదీపాలు లేని రోడ్ల మీద రాత్రిపూట తేడాయే కనబడలేదని కూడా చెప్పింది. మన పల్లెదారులు అలాంటివే. 2022లో దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోతే, వాళ్లలో 44.5 శాతం ద్విచక్ర వాహనదారులు, 19.5 శాతం నడిచి వెళ్లేవాళ్లు. అంటే మన దగ్గర ఎక్కువమంది చనిపోయే చోటే ఈ యంత్రం చూపు మందగిస్తోంది.

ఇంకో ఇబ్బంది, అక్కర్లేనప్పుడు పడే బ్రేకు. ఆటో అడ్డం వచ్చి తప్పుకుపోతుందని మనకు తెలుసు, కారుకు తెలియదు. అది ఉలిక్కిపడి ఆగితే వెనక అతుక్కుని వచ్చే లారీ ఏం కావాలి? లారీలకూ బస్సులకూ ఈ బ్రేకు తప్పనిసరి చేయాలని కేంద్ర రవాణా శాఖ 2025 మార్చిలో ముసాయిదా తెచ్చింది. అది అమలైతే ఆ భయం కొంత తగ్గుతుంది. విసుగొచ్చి కారులో ఈ సదుపాయాన్నే ఆపేసేవాళ్లున్నారు. నా మట్టుకు ఆపొద్దనే అంటాను. చాలా కార్లలో హెచ్చరిక ఎంత ముందుగా రావాలో మార్చుకోవచ్చు, అది చాలు. ముందు ఇనుప గార్డు బిగించి రాడార్‌కు అడ్డం పెట్టకూడదు. అద్దం మార్పిస్తే కెమెరాను మళ్లీ సరిచేయించాలి. దుమ్ము పడితే తుడవాలి.

ఇక ట్రాక్టర్ ట్రక్కుల మాట. వెనక అంటించే ఎర్ర రిఫ్లెక్టర్ పట్టీ ఖరీదు ఎంతని? హెడ్‌లైటు పడగానే మెరిసే ఆ పట్టీ డ్రైవర్ కంటికీ కెమెరాకూ సాయపడుతుంది. ఖమ్మం మార్కెట్ యార్డుకు మిర్చి టిక్కీలతో వచ్చే ప్రతి ట్రక్కుకూ గేటు దగ్గరే అది ఉందో లేదో చూసి, లేకపోతే అక్కడే అంటించి లోపలికి పంపే ఏర్పాటు వచ్చే సీజన్ నుంచే మొదలుపెట్టవచ్చు.