బెంగని ఇంగ్లీషులో ఏమంటారు?

పోయినేడాది చలికాలంలో నాకు నిద్ర దూరమైంది. మా టీంలో సగం మందిని తీసేశారు, నన్ను ఉంచారు. సంతోషించాల్సింది పోయి, రాత్రి రెండింటికి లేచి లాప్‌టాప్ తెరిచి ఊరికే చూస్తూ కూర్చునేవాణ్ణి. ఛాతీ బిగిసినట్టుంటే ఈసీజీ తీయించాం. గుండె బాగానే ఉందన్నారు. "మరి బాగా లేనిది ఏంటండీ?" అని మా ఆవిడ డాక్టరునే అడిగేసింది.

అలా నేను మెల్‌బోర్న్‌లో "మెంటల్ హెల్త్ ట్రీట్‌మెంట్ ప్లాన్" అనే కాగితం చేతిలో పట్టుకుని బయటికొచ్చాను. ఆస్ట్రేలియాలో ఉన్న మనవాళ్ళలో చాలామందికి దీని సంగతి తెలీదు, అందుకే రాస్తున్నాను.

ఇక్కడ 2006 నవంబరు నుంచి "బెటర్ యాక్సెస్" అనే పథకం నడుస్తోంది. మామూలు డాక్టరు ఈ ప్లాన్ రాసిస్తే, ఏడాదికి పది సెషన్ల దాకా ఫీజులో కొంత మెడికేర్ తిరిగి ఇస్తుంది. ముందు ఆరుకి మించకుండా రాస్తారు, తర్వాత మళ్ళీ డాక్టర్ని కలిస్తే మిగతావి. కోవిడ్ రోజుల్లో దీన్ని ఇరవై చేసి, 2022 చివర్లో మళ్ళీ పదికి దించేశారు.

ఎవరి దగ్గరికి వెళ్ళాలన్నప్పుడు నాకు ముందుగా గుర్తొచ్చింది మా పేటలోనే ఉండే ఒక తెలుగావిడ. విశాఖలో సైకాలజీ ఎమ్మే చేసి, ఇక్కడ కౌన్సెలింగ్ డిప్లొమా చేశారు. ఫోన్ చేస్తే మొదటి మాటే, "తమ్ముడూ, నా బిల్లుకి మెడికేర్ పైసా ఇవ్వదు. తర్వాత బాధపడకు" అన్నారు.

అర్హత లెక్క ఇదీ. క్లినికల్ సైకాలజిస్టులు, రిజిస్టరైన ఇతర సైకాలజిస్టులు, మానసిక ఆరోగ్యంలో గుర్తింపు పొందిన సోషల్ వర్కర్లు, ఆక్యుపేషనల్ థెరపిస్టులు. పథకం కింద ఈ సేవ వీళ్ళో, శిక్షణ ఉన్న మామూలు డాక్టర్లో చెయ్యాలి. కౌన్సెలర్లు, సైకోథెరపిస్టులు ఈ జాబితాలో లేరు. మా ఆఫీసు భాషలో చెప్పాలంటే, పని వచ్చినా సిస్టంలో రోల్ లేదు.

ఉన్నవాళ్ళలో కూడా మెట్లున్నాయి. యాభై నిమిషాలు దాటిన సెషన్‌కి క్లినికల్ సైకాలజిస్ట్ దగ్గరైతే 140 డాలర్లు దాటి వెనక్కి వస్తుంది, మామూలు సైకాలజిస్ట్ దగ్గరైతే వందకి కాస్త తక్కువ. ఫీజు మాత్రం వాళ్ళిష్టం. నేను వెళ్ళినావిడ 220 తీసుకునేవారు. మిగతాది మన జేబులోంచే.

మొదట నాకు ఒళ్ళు మండింది. తర్వాత ఆలోచిస్తే ఆ గీతకీ కారణం కనబడింది. ఇక్కడ కౌన్సెలర్ అని బోర్డు ఎవరైనా పెట్టుకోవచ్చు, చట్టం ఆపదు. సైకాలజిస్ట్ అన్న పేరు మాత్రం రిజిస్ట్రేషన్ లేకుండా వాడటం నేరం. ఆ రిజిస్ట్రేషన్‌కి చదువూ శిక్షణా కలిపి కనీసం ఆరేళ్ళు. అదుపు తప్పితే ఫిర్యాదు చెయ్యడానికి బోర్డు ఉంది. ప్రజల డబ్బు ఇచ్చేటప్పుడు ఆ మాత్రం అడగడం తప్పని అనలేను.

కానీ ఆ గీత భాషని లెక్కలోకి తీసుకోదు. మొదటి సెషన్లో "బెంగ" అన్న మాట దగ్గర ఆగిపోయాను. యాంగ్జైటీ కాదు, డిప్రెషన్ కాదు, హోమ్‌సిక్ అసలే కాదు. ఆవిడ ఓపిగ్గా, "మీ భాషలోనే చెప్పండి, అది ఒంట్లో ఎక్కడుంటుందో చూపించండి" అన్నారు. గొంతు కింద చెయ్యి పెట్టాను. ఆ రోజు కారులో కూర్చుని చాలాసేపు ఏడ్చాను. నాలుగో సెషన్‌కి నిద్ర పట్టడం మొదలైంది.

ఆ తెలుగు అక్క దగ్గరికీ రెండుసార్లు సొంత డబ్బుతో వెళ్ళాను. అక్కడ మా నాన్న ఎవరో, నాకెందుకు భయమో వివరించాల్సిన పని లేకపోయింది. ఆవిడ రిజిస్ట్రేషన్ తెచ్చుకోవాలంటే మళ్ళీ చదవాలి, మళ్ళీ శిక్షణ చెయ్యాలి. "ఇద్దరు పిల్లలతో ఎక్కడ చదవను తమ్ముడూ" అని నవ్వేశారు.

మా టీంలోంచి తీసేసిన కుర్రాడు ఒకడు వర్క్ వీసా మీద ఉన్నాడు. నాకన్నా వాడికే ఇది ఎక్కువ అవసరం. వాడికి మెడికేరే లేదు. మెడికేర్‌కి కొన్ని దేశాలతో పరస్పర ఒప్పందాలున్నాయి, అందులో ఇండియా లేదు. వాడితో వారానికొకసారి నడకకి వెళ్తున్నాను. నా చేతనైంది అంతే.

మీలో ఎవరైనా వెళ్ళేట్టయితే, బుక్ చేసేముందే రెండు ప్రశ్నలు అడగండి: మీ పేరు మీద మెడికేర్ వస్తుందా? నా జేబులోంచి ఎంత పోతుంది? సిగ్గుపడాల్సిందేమీ లేదు.

ఇంకొక్క మాట. ఇంట్లో ఏ పిల్లో పిల్లాడో సైకాలజీ చదువుతానంటే, మమ్మల్ని తోసినట్టు ఇంజనీరింగ్‌లోకి తొయ్యకండి. బెంగ అంటే తెలిసినవాళ్ళు ఆ జాబితాలో నలుగురుండటం మనకి అవసరం.