గోడౌన్ సరే... కౌంటరెంత?

'ఫోన్లో మెమరీ ఫుల్'... ఈ మాట వినపడని ఇల్లుందా ఇప్పుడు! పాప బారసాల, బాబు స్కూలు డాన్సు, తిరుపతి ప్రయాణం... ఫొటోలు, వీడియోలు పేరుకుపోయి ఇంట్లోనే చిన్న ఫైల్ సర్వరు పెట్టుకోవాలనుకుంటున్నారు చాలామంది. రెండు మూడు హార్డ్‌డిస్కులున్న పెట్టెను రౌటరుకు తగిలిస్తే ఇంటిల్లిపాదీ అందులోనే దాచుకోవచ్చు. సరేనని సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో ఏ కంప్యూటర్ షాపుకో వెళ్తే... 'మెమరీ ఎంత కావాలి సార్?' అంటారు. తికమక అక్కడే మొదలు.

ఫోన్ విషయంలో మనం మెమరీ అనేది దాచుకునే చోటును. షాపువాళ్లు అడిగేది ర్యామ్ సంగతి. కిరాణా కొట్టును గుర్తుచేసుకోండి. బస్తాలన్నీ వెనక గోడౌన్‌లో ఉంటాయి. పదేపదే అడిగే పంచదార, కందిపప్పు మాత్రం కౌంటరు దగ్గరే. డిస్కు గోడౌనైతే ర్యామ్ కౌంటరన్నమాట. ఒకసారి తెరిచిన ఫైలును సర్వరు ర్యామ్‌లో ఉంచుకుని, మళ్లీ అడిగితే డిస్కుదాకా వెళ్లకుండా ఇచ్చేస్తుంది.

మరి ఎంత ర్యామ్ కావాలి? 'టెరాబైట్‌కు ఒక జీబీ' అని ఓ లెక్క ప్రచారంలో ఉంది. సన్ మైక్రోసిస్టమ్స్ రూపొందించి 2005లో కోడ్ బయటపెట్టిన జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ వాడేవాళ్లు తరచూ చెప్పే మాట అది. నియమమేం కాదు, ఉజ్జాయింపు. కౌంటరు సైజును తేల్చేది గోడౌన్ కాదు, కొట్టుకొచ్చే జనం. వందమంది ఒకేసారి ఫైళ్లు తెరిచే ఆఫీసుకు 64 జీబీలైనా చాలకపోవచ్చు. నలుగురున్న ఇంటికి 12 టెరాబైట్ల డిస్కులున్నా 8 జీబీలు చాలు. జెడ్‌ఎఫ్‌ఎస్ మీద నడిచే ట్రూనాస్ సాఫ్ట్‌వేర్ అడిగే కనీస ర్యామూ అంతే. రెడీమేడ్‌గా దొరికే చిన్న పెట్టెలు కొన్నయితే 1, 2 జీబీలతోనే నడుస్తాయి.

ఇంకాస్త వేస్తే స్పీడు పెరగదా? ఇళ్లలో మామూలుగా వాడే గిగాబిట్ కేబుల్లో సెకనుకు 125 మెగాబైట్లకు మించి వెళ్లవు. పెద్ద వీడియోనైతే ఒక్క డిస్కే దాదాపు ఆ వేగంతో ఇవ్వగలదు. దారి ఇరుకైతే కౌంటరు పెంచి లాభమేంటి!

ర్యామ్‌ను నిజంగా మింగేసేది 'డీడూప్'. కొత్త బస్తా వచ్చినప్పుడల్లా అలాంటిది గోడౌన్‌లో ఉందేమో చూడటానికి రిజిస్టరు తెరిచిపెట్టుకోవడం లాంటిది. 128 కేబీల ముక్కకు 320 బైట్ల చొప్పున రాసుకుంటే, టెరాబైట్‌కు రెండున్నర జీబీలు రిజిస్టరుకే పోతాయి. ఏ ఫొటోకి ఆ ఫొటో వేరు కాబట్టి ఇంట్లో దాంతో పెద్దగా కలిసొచ్చేదీ లేదు. ఆఫ్‌లోనే ఉంచండి.

అన్నట్టు, కరెంటు పోతే ర్యామ్‌లోది మాయమే. జెడ్‌ఎఫ్‌ఎస్ కొత్త సరుకును మామూలుగా ఐదు సెకన్లకోసారి డిస్కులోకి చేరుస్తుంది. ఆ కాస్త వ్యవధికైనా యూపీఎస్ ఉండాలి.

ఇంత చెబుతున్నానా... మా ఇంట్లో మొదట 32 జీబీల ర్యామ్ వేయించి, డిస్కు మాత్రం ఒక్కటే కొన్నాం. 2019లో ఓ రోజు ఆ డిస్కు టకటకమని ఆగిపోయింది. ర్యామ్ నిక్షేపంగా ఉంది. నాన్న షష్టిపూర్తి ఫొటోలే పోయాయి. ఇప్పుడు ర్యామ్ 8 జీబీలే. మిగిలిన డబ్బుతో ఇంకో డిస్కు కొని రెండింట్లోనూ ఒకే సరుకు పెట్టాం. మూడో కాపీ విజయవాడలో చెల్లెలి బీరువాలో ఉంటుంది. సంక్రాంతికి వెళ్లినప్పుడు పాతది తెచ్చుకుని కొత్తది ఇచ్చి వస్తాం.