గాయమెఱిగినవారి తోడు

దెబ్బ తిన్నవానికే నొప్పి తెలియునని పెద్దలందురు. ఈ లోకానుభవమును వైద్యశాస్త్రము చిరకాలము లక్ష్యపెట్టలేదు. దానిని గ్రహించిన కొలదిమందిలో పారిసు చెంతనున్న బిసేత్ర్ వైద్యాలయపు పర్యవేక్షకుడు పుస్సిన్ ఒకడు. ఆయనయు తొలుత నచ్చట గండమాలకు చికిత్స పొందినవాడే. 18వ శతాబ్ది తుదిని ఆయన, కోలుకొన్న రోగులనే ఉన్మత్తులకు పరిచారకులుగా నియమించెను. అట్టివారు మృదుస్వభావులు, దయాపరులునని ఆయన యనుభవము. 1797లో పలువురి సంకెళ్లను తొలగించినవాడును ఆయనయే.

నాటి యాచారము నేడు యువజనుల మానసిక చికిత్సలో నొక వృత్తిగా రూపొందినది. మనోవ్యాధులలో నధికభాగము ఇరువదియైదేండ్లు నిండకమునుపే తలయెత్తును. వైద్యుని గడప ద్రొక్కుటకు సిగ్గును, భయమును అడ్డుపడునదియు నా ప్రాయముననే. ఇది గుర్తించి, ఆస్ట్రేలియా ప్రభుత్వము 2006లో ‘హెడ్‌స్పేస్’ అను సంస్థకు పునాది వేసెను. ఆచార్య పాట్రిక్ మెక్‌గోరీ ఇందుకు పాటుపడిన వారిలో ముఖ్యుడు. 12 మొదలు 25 ఏండ్లవారికి ఈ కేంద్రములు తెఱచియుండును. వీనిలో పెక్కింట వైద్యులతోబాటు, యౌవనమున తామే మనోవ్యథ ననుభవించి తేఱుకొన్న సహాయకులును వేతనముపై పనిచేయుచున్నారు.

వారు రోగనిర్ణయము చేయరు, మందు వ్రాయరు. తొలిసారి వచ్చి వాకిట తటపటాయించు బాలుని ప్రక్కన గూర్చుండి మాటలు కలుపుదురు. వైద్యునితో నేమి చెప్పవలెనో తోచనివానికి మాట యందింతురు. “నాకును ఇట్లే యుండెడిది” అను నొక్కమాటతో, తానొక్కడే భ్రష్టుడనను వాని భ్రమను సడలింతురు. తమ కథను వినువానికి మేలుచేయునంతవఱకే చెప్పుదురు.

అయితే ఈ పని సుకరము కాదు. పరుల దుఃఖము వినుచుండగా మానిన పుండు మరల రేగవచ్చును. కావున శిక్షణము, అనుభవజ్ఞుల పర్యవేక్షణము, తగిన వేతనము వీరికి తప్పక యుండవలెను. ప్రాణాపాయము పొంచియున్నప్పుడు రహస్యమని దాచక వైద్యుని కెఱిగింపవలెను. వైద్యులకు బదులుగా చౌకకు దొరకిన కూలీలని వీరిని భావించుట యుభయులకును ద్రోహము.

మన సంగతి యేమి? 2022లో మన దేశమున 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసికొనిరని ప్రభుత్వ నేరగణనమే చెప్పుచున్నది. విశాఖపట్టణమున నీట్ పరీక్షకు చదువుచుండిన యొక బాలిక మృతికి సంబంధించిన వ్యాజ్యములో, నూఱుగురు విద్యార్థులకు తక్కువకాని ప్రతి విద్యాసంస్థయు అర్హుడైన సలహాదారుని నియమింపవలెనని సుప్రీంకోర్టు 2025 జూలైలో నాదేశించెను. 2014లో ఆరంభించిన జాతీయ కిశోర స్వాస్థ్య కార్యక్రమమున గ్రామమందలి బాలబాలికలనే తోటివారికి బోధకులుగా దిద్దు నేర్పాటును కలదు. బీజములున్నవి, నీరు పోయువారు కావలెను.

పొలమమ్మి ఫీజు చెల్లించు తండ్రులారా! వసతిగృహమున భోజన మెట్లున్నదని యడుగుచున్నారు గదా. మనసు క్రుంగిననాడు మా బిడ్డ యెవరితో చెప్పుకొనవలెనని యెన్నడైన నడిగితిరా? 14416 అను సంఖ్యకు ఫోను చేసిన ప్రభుత్వపు టెలిమానస్ సలహాదారులు పలుకుదురు. ఆ సంఖ్య ప్రతి వసతిగృహపు గోడపై నుండవలెను. దాని చెంతనే, ఆ దుఃఖమునుండి గట్టెక్కి, తగిన శిక్షణము పొందిన యొక యన్నయో యక్కయో యుండిన, అంకెలలో జేరవలసిన కొందఱు బిడ్డలు ఇంటికి జేరుదురు.