పఠనయంత్రమున తెలుగునకు తావేది?

తడలో రైలెక్కి దక్షిణమునకు పోవువారు తరువాతి స్టేషనగు ఆరంబాకముతో తమిళనాడున ప్రవేశింతురు. ఆ పొలిమేరయందు ఎదురెదురుగా కూర్చున్న ఇరువురు ప్రయాణికులు, ఒకరు తమిళులు, ఒకరు తెలుగువారు, తమ భాషలో కిండిల్ పుస్తకమును కొనగోరిరనుకొందము. 2016 డిసెంబరున వీరి త్రోవలు వేఱుపడెను. ఆ నెలలో అమెజాన్ సంస్థ హిందీ, తమిళము, మరాఠీ, గుజరాతీ, మలయాళము అను ఐదు భాషలకు తన ఇ-పుస్తక విపణిని తెఱచెను. ఆ పట్టికలో తెలుగు లేకపోయెను.

పఠనయంత్రము వట్టి వేడుకవస్తువు కాదు. 2004లో జపానున సోనీవారు విక్రయించిన లిబ్రియేయందే విద్యుత్ సిరా వాడిరి. నలుపు తెలుపు రేణువులు విద్యుచ్ఛక్తిచే కదలి అక్షరములుగా నిలుచును. పుట తిప్పునపుడే శక్తి కావలయును. పగటి వెలుతురున కాగితమువలె చదువవచ్చును. అక్షరమును పెద్దది చేసికొనవచ్చును గనుక చూపు మందగించిన పెద్దలకు మేలు. పుస్తకాల అంగడి లేని పల్లెకు ఇది గ్రంథాలయమే.

తెలుగు లిపి యంత్రమునకు లొంగదందురా? యూనికోడ్ అను సర్వలిపి సంకేతమున దానికి 1991లోనే స్థానము లభించెను. సంయుక్తాక్షరములు మలయాళమునకును కలవు గదా! చదువరులు చాలరందురా? 2011 జనాభా లెక్కలలో తెలుగు మాతృభాషగా గలవారు 8 కోట్ల 11 లక్షలు. మలయాళము గలవారు 3 కోట్ల 48 లక్షలు.

మనవారు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. 2005లో వెలసిన తెలుగు వికీసోర్సున స్వచ్ఛంద సేవకులు పాతగ్రంథములను తప్పులు దిద్ది ఎల్లరకును ఉచితముగ నందించుచున్నారు. 2010లో హైదరాబాదున ఆరంభమైన కినిగె తెలుగు ఇ-పుస్తకములను వెలకు విక్రయించు మార్గమును చూపెను. అయినను పెక్కు గ్రంథములు పుటల ఛాయాచిత్రములుగనే దొరకుచున్నవి. చిన్న తెరపై వానిని పెద్దవి చేసినచో పంక్తి అంచు దాటిపోవును. కోరిన పదమును వెదకుటయు సాగదు.

కావున మేము విన్నవించునవి మూడు. ప్రకాశకులు పుస్తకములను అక్షరరూపమున సిద్ధపఱుపవలెను. పాఠకులు దొంగప్రతులను వీడి వెలయిచ్చి కొనవలెను. రచయిత గతించి 60 ఏండ్లు దాటి, కాపీహక్కు తీరిన గ్రంథములు ఇంటి అటకపై నున్నవారు వానిని స్కానింగున కీయవలెను.

అడుగువారు లేనిదే అంగడివాడు సరకు తెప్పింపడు. ఆరంబాకమువానికి కలిగిన సదుపాయము తడవానికిని కలుగవలెనన్నచో, మొదటి బేరము తడవారే ఆడవలెను.