భూమిసేవకు గ్రామసేవిక

అమరకోశమున భూమికి గల నామములలో 'సర్వంసహ' యొకటి. అన్నిటిని సహించునది యని యర్థము. ఆ మాటను మనవారు మరీ గట్టిగా పట్టుకొనిరేమో యని మా ప్రాంతపు వరిచేలను చూచినపుడెల్ల నాకు తోచుచుండును. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట ముగిసిన పిమ్మట గోదావరి కాలువలు పాఱిన యీ నేల, కొన్ని తరములు పశువుల పెంటతోను, పచ్చిరొట్టతోను పండినది. 1960 తరువాతి దశాబ్దములలో ఎరువు బస్తా, పురుగుమందు డబ్బా వచ్చి చేరినవి. దిగుబడి పెరిగిన మాట నిజమే. కాని చేలో చల్లినదెల్ల చేలోనే నిలువదు. వానకు కొట్టుకొనిపోయి మురుగుకాలువలగుండ కొల్లేటిని చేరును. 1999లో అభయారణ్యముగ ప్రకటింపబడి, 2002లో రామ్‌సార్ ఒడంబడిక క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యము గల చిత్తడినేలగ గుర్తింపు పొందిన సరస్సది. గుర్రపుడెక్క అంత విరివిగ పెరుగుటకు ఈ యెరువు నీరును ఒక కారణమే.

2020 డిసెంబరులో ఏలూరు పట్టణమున ఆరువందలకు పైగా జనులు మూర్ఛలతో పడిపోయిన సంగతి సోదరీమణులు మఱచియుండరు. రోగుల రక్తమున సీసము, నికెలు కనబడెనని మొదట వినవచ్చినది. తరువాత పురుగుమందుల యవశేషములపై అనుమానము మరలినది. బిందెలోని నీటిని చూచి భయపడిన ఆ దినములు ఏ గృహిణికి మఱపునకు వచ్చును?

2016 నుండి మన రాష్ట్రమున రైతు సాధికార సంస్థ ప్రకృతి వ్యవసాయమును వ్యాపింపజేయుచున్నది. ఈ పనికి ఊతకోలగ వారు ఎన్నుకొన్నవి పొదుపు సంఘములు. 1990 తరువాత నెల్లూరు సీమలో సారా వ్యతిరేకోద్యమము నడపిన స్త్రీలు ఆ తరువాత రూపాయి రూపాయి కూడబెట్టుట నేర్చిరి. అట్లు పెరిగిన సంఘములే నేడు నేల సంగతి కూడ మాటాడుచున్నవి. తన చేలో ఈ పద్ధతిని చేసి చూపిన రైతును, పెక్కుచోట్ల స్త్రీనే, ఇతరులకు నేర్పుటకు నియమింతురు. ఆమెను పల్లెలలో 'సీఆర్పీ' యందురు. నోటికి రుచింపని పేరు. నేను గ్రామసేవిక యందును.

ఆమె పని ఉపన్యాసము కాదు. ఎవరి దొడ్డిలో నాటు ఆవు కలదు, ఎవరికి పెంట కావలెను, ఎవరి వద్ద విత్తనములు మిగిలినవి యని ఇంటింట విచారించి, ఒకరి కలిమిని వేఱొకరి లేమికి జతపఱచుట ఆమె పని. ట్రాక్టర్లు వచ్చి పశువులు తగ్గిన డెల్టాలో ఇది సామాన్యము కాదు. ఆమె నేర్పు జీవామృతము వంటింటి వారికి క్రొత్తగ తోపదు. రెండు వందల లీటర్ల నీటిలో పది కిలోల పేడ, అయిదు మొదలు పది లీటర్ల గోమూత్రము, రెండేసి కిలోల బెల్లము, పప్పుపిండి, గట్టుమన్ను ఒక గుప్పెడు కలిపి, నీడలో రెండు దినములు నానబెట్టి, ఉదయసాయంకాలములు కలియద్రిప్పవలెను. అది యెకరమునకు చాలును. ఇది యెరువు కాదు. మట్టిలోని సూక్ష్మజీవులకు తోడు వంటిది. పాలను పెరుగుగ మార్చువారికి వేఱే వివరింప నక్కఱలేదు.

2021లో సింహళ ప్రభుత్వము రసాయనికపు టెరువుల దిగుమతిని ఒక్కసారిగ నిషేధించెను. రైతులకు నేర్పువారు లేరు, బదులుగ వేయుటకు సరకు లేదు, పంట దెబ్బతినినది. ఆ సంవత్సరము నవంబరులోనే నిషేధమును సడలింపవలసి వచ్చినది. ఉత్తరువు ఒకనాటిలో వెలువడును గాని, నమ్మకము ఇంటింట నాటవలసినదే. మన గ్రామసేవికలు ఒక అరకుంచము చేలో మొదలుపెట్టుమనుట అందుకే. ఇట్టి యోపికకు 2024లో పోర్చుగల్ దేశపు గుల్బెంకియన్ బహుమానము దక్కినది. మట్టిశాస్త్రవేత్త రత్తన్ లాల్, ఈజిప్టులోని సెకెం సంస్థ దానిని మనవారితో పంచుకొన్నవి.

కాని ఒక చిక్కును గ్రామసేవిక తీర్పజాలదు. మన డెల్టాలో దున్నువాడు వేఱు, భూమి గలవాడు వేఱు. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టము ప్రకారము భూస్వామి సమ్మతిపై కౌలుదారునకు ఇచ్చు పత్రము పదునొకండు నెలలకే. నేల గుల్లబారి, వానపాములు తిరిగివచ్చుటకు ఏండ్లు పట్టును. మరుసటేడు తనది కాని పొలమునకు పెంట మోయుమని కౌలుదారు భార్యతో ఏ ముఖముతో చెప్పుదుము? ఆమె నిరాకరించినచో అది అజ్ఞానము కాదు, లెక్క యెఱిగిన తనము.

ఈ పత్రిక చదువు సోదరీమణులలో పొలము కౌలుకిచ్చిన యిండ్లవారు పెక్కురుందురు. మగవారు కౌలు మాటాడునపుడు మూడేండ్లకు వ్రాయుడని మీరు చెప్పవచ్చును. దాళ్వా కోతలైన పిదప కాలువలు కట్టివేయుదురు. మరల నీరు వదలు వఱకు నేల బీటలువాఱి ఎండుచుండును. ఆ వ్యవధిలో పప్పులు, చిరుధాన్యములు, నువ్వులు, జనుము మొదలగు పలువిధముల విత్తనములకు మట్టి, బూడిద పట్టించి, తొలకరికి ముందే చల్లి గడ్డితో కప్పుదురు. దానిని నవధాన్యపు సాగు అందురు. ఆ నెలలకు కౌలు అడుగకుండుటయు, మీ గడ్డివామినుండి కప్పుటకు నాలుగు మోపులిచ్చుటయు మీచేతిలోని పనులు. విత్తనములు ఎవరి యింట నున్నవో గ్రామసేవికకు తెలియును.