జిరాక్స్ తీసుకుంటే దొంగతనమా?

రావికమతం నుంచి చోడవరం, అనకాపల్లి, విశాఖ వెళ్లి చదువుకునేవాళ్లకి జిరాక్స్ షాపే సగం లైబ్రరీ. విదేశీ పుస్తకం రేటు వేలల్లో ఉంటే, సార్ చెప్పిన రెండు చాప్టర్ల కోసం ఎవరు కొంటారు? మరి ఇది కాపీరైట్ దొంగతనం కిందకి వస్తుందా?

ఈ గొడవ కోర్టుదాకా వెళ్లింది. 2012లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ కలిసి ఢిల్లీ యూనివర్సిటీ మీద, క్యాంపస్‌లోని రామేశ్వరి ఫొటోకాపీ సర్వీసెస్ అనే చిన్న షాపు మీద కేసు వేశాయి. సిలబస్‌లోని చాప్టర్లు కలిపి బైండ్ చేసి అమ్ముతున్నారన్నది ఫిర్యాదు. 2016 సెప్టెంబర్‌లో ఢిల్లీ హైకోర్టు కేసు కొట్టేసింది. డిసెంబర్‌లో డివిజన్ బెంచ్ ఇంకో మాట చెప్పింది: 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 52(1)(ఐ) ప్రకారం పాఠానికి అవసరమైనంత కాపీ తీయొచ్చు, ఇన్ని పేజీలే అన్న లెక్క లేదు. ఆ అవసరం నిజమేనా అన్నది తేల్చమని కేసును వెనక్కి పంపింది. 2017లో పబ్లిషర్లే కేసు వదులుకున్నారు.

అలాగని ఏదైనా కాపీ కొట్టేయొచ్చని కాదు. పాఠంతో పని లేకుండా పుస్తకం మొత్తం స్కాన్ చేసి టెలిగ్రామ్‌లో పెడితే ఈ తీర్పు మనల్ని కాపాడదు. సొంత డబ్బుతో పుస్తకం అచ్చేసుకున్న తెలుగు రచయితదైతే, కొని చదవడమే న్యాయం.